పాత కంప్యూటర్‌కి కొత్త ఒళ్ళు: కొనాలా, వద్దా?

పోయిన నెల చీపురుపల్లి నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, కమడోర్ 64 మళ్ళీ వచ్చిందట. కొనీమంటావా?" అని. ధరెంతరా అంటే 300 డాలర్లన్నాడు. మన డబ్బుల్లో 26, 27 వేలు. ఇంటికి చేరేసరికి ఇంకా పైన. వాడు పుట్టింది 1990లో. 1980ల నాటి ఇంటి కంప్యూటర్ అది, అసలు కమడోర్ 64ని వాడు జన్మలో ముట్టుకోలేదు, వీడియోల్లో చూశాడంతే. మరెందుకురా అంటే, "ఆ సౌండు బావా!" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది కానీ తీసిపారేయలేకపోయాను. ఎందుకంటే నాలుగేళ్ళ కింద నేనూ అదే జబ్బుతో డబ్బు తగలేసుకున్నవాణ్ణే. ఆ రాత్రి వాడికి వాట్సాప్‌లో చెప్పిన సంగతుల్నే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కూర్చుని ఇలాంటివి కొందామనుకునేవాళ్ళకి బయటి దేశాల రివ్యూలు సగమే పనికొస్తాయి. వాళ్ళ అటకమీద పాత క్యాసెట్లుంటాయి, మన అటకమీద గుమ్మడికాయలుంటాయి.

ముందు మీరు ఏ కంప్యూటర్ కోసం బెంగ పెట్టుకున్నారో తేల్చుకోండి. నా సంగతి చెప్తాను. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద కొన్ని బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఇంగ్లండులో ఏకార్న్ అనే కంపెనీ 1981లో తెచ్చిన మెషిన్ అది. 32 కిలోబైట్ల ర్యామ్, పైన వరసగా ఎర్రటి ఫంక్షన్ కీలు. విజయనగరంలో మా బడికి రెండొచ్చాయి. చెప్పులు బయట విప్పాలి, చేతులు కడుక్కోవాలి. ఒక్కో మెషిన్ ముందు నలుగురం. ఒకడు టైపు చేస్తుంటే ముగ్గురం తప్పులు పట్టేవాళ్ళం. వెనక నుంచి ఎవడో ఒకడు చెయ్యి చాపి బ్రేక్ కీ నొక్కి పారిపోయేవాడు. ప్రోగ్రాం మాయం. అప్పుడు ఓల్డ్ అని కొడితే పోయిందంతా తిరిగొచ్చేది. ఆ మాట మొదటిసారి మాస్టారు కొట్టి చూపించిన రోజు మాకు ఇంద్రజాలం చూసినట్టే ఉంది.

మా బావమరిది తరానికి ఆ భోగం లేదు. వాడికి పదేళ్ళప్పుడు సిరిమాను పండగ అంగళ్ళలో మా మామగారు కొనిపెట్టిన కీబోర్డు టీవీ గేమే వాడి మొదటి కంప్యూటర్. చూడ్డానికి కంప్యూటర్‌లా ఉంటుంది, పైన క్యాసెట్ పెడితే కాంట్రా, టెన్నిస్ వస్తాయి, ఇంకో క్యాసెట్ పెడితే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష లాంటిదేదో వచ్చి కర్సర్ మెరుస్తుంది. స్విచ్ ఆపితే టైపు చేసినదంతా గంగలో కలుస్తుంది. లోపల ఉన్నది జపాన్ నింటెండో ఆటల పెట్టెకి నకలు.

ఇక్కడో చిన్న పిట్టకథ. 1975లో మాస్ టెక్నాలజీ అనే కంపెనీ 6502 అనే చిప్‌ని 25 డాలర్లకే అమ్మి ఆ రంగాన్ని తలకిందులు చేసింది. మా బడిలోని బీబీసీలో ఉన్నది ఆ చిప్పే. కమడోర్ 64లో ఉన్న 6510 దాని తమ్ముడు. నింటెండో పెట్టెలో ఉన్నదీ ఆ వంశమే. అంటే మా వాడు పండగలో కొన్న నకిలీ కంప్యూటర్‌కి, ఇప్పుడు 27 వేలు పోసి కొందామనుకుంటున్నదానికి చుట్టరికం ఉంది. ఆ మాట చెబితే కాసేపు ఫోన్లో మాట్లాడలేదు వాడు.

ఇక సరుకు సంగతి. మార్కెట్లో దొరికేవి చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ లోపల రెండు జాతులు. ఒకటి ఎమ్యులేషన్. అంటే లోపల ఫోన్‌లో ఉండేలాంటి మామూలు చిప్ ఒకటి లినక్స్ మీద నడుస్తూ, పాత కంప్యూటర్‌లా నటించే సాఫ్ట్‌వేర్‌ని నడుపుతుంది. రెండోది ఎఫ్‌పీజీఏ. ఇది లోపలి సర్క్యూట్‌ని మనకి కావాల్సినట్టు మళ్ళీ అల్లుకోనిచ్చే చిప్. మిమిక్రీ కళాకారుడు నోటితో సన్నాయి వాయించడం మొదటిది. పాత సన్నాయి కొలతలు తీసుకుని కొత్తది చేయించడం రెండోది. మిమిక్రీ ఎంత బాగున్నా ఊపిరి తీసుకునేచోట దొరికిపోతుంది. ఎమ్యులేషన్‌లో ఆ దొరికిపోయే చోటు బటన్ నొక్కడానికీ తెరమీద బొమ్మ కదలడానికీ మధ్య ఉండే చిన్న ఆలస్యం. ఆ తేడా అందరికీ తెలుస్తుందా? నాకు తెలీదు, మా అబ్బాయికి తెలుస్తుంది. వాడు క్రికెట్ గేములో సెంచరీలు కొట్టేవాడు, నేను మొదటి బంతికే ఔటయ్యేవాణ్ణి. కాబట్టి నా మాట మీద ఆధారపడకండి.

బుల్లి మోడళ్ళు ముందు తేల్చేద్దాం. రెట్రో గేమ్స్ అనే బ్రిటిష్ కంపెనీ 2018లో కమడోర్ 64 మినీని, 2022లో అమిగా 500ని పోలిన ఏ500 మినీని, 2024లో అటారీని పోలిన 400 మినీని తెచ్చింది. అమిగా, అటారీ కూడా ఆ కాలపు ఇంటి కంప్యూటర్లే. ఈ మినీలు అరచేతిలో పట్టేంత ముద్దుగా ఉంటాయి. వాటి కీబోర్డు మాత్రం బొమ్మ, కీలు నొక్కుడు పడవు. టైపు చేయాలంటే వేరే యూఎస్‌బీ కీబోర్డు తగిలించాలి. నేను కొని బాధపడింది ఇదే జాతిలో ఒకటి. రెండు వారాలు ఆడాను, ఆ తర్వాత టీవీ పక్కన కొండపల్లి బొమ్మ సరసన చేరింది. పండక్కి దుమ్ము దులిపేటప్పుడు మా ఆవిడ దాన్ని పైకెత్తి నా వైపు ఒక చూపు చూస్తుంది, అంతే. ఏ500 మినీకి కాస్త మినహాయింపు ఇస్తాను. అమిగా ఆటలకి మౌస్ ముఖ్యం, అది పెట్టెలోనే వస్తుంది, గేమ్‌ప్యాడ్ కూడా. పాతిక ఆటలు లోపలే ఉంటాయి. ఆటలే కావాలనుకుంటే కీలు పనిచేయకపోయినా నష్టం లేదు.

అదే కంపెనీ నిండు సైజులో తెచ్చినవాటిలో రెంటి గురించి చెప్పుకోవాలి. 2019 చివర్లో వచ్చిన ది సీ64, 2024లో వచ్చిన ది స్పెక్ట్రమ్. రెండూ ఎమ్యులేషనే, కానీ కీలు నిజమైనవి. ఈ రెంటిలో స్పెక్ట్రమ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బొమ్మ కీబోర్డుకీ నిజం కీబోర్డుకీ తేడా దీనంత బాగా ఇంకేదీ చూపించదు.

సింక్లెయిర్ కంపెనీ 1982లో ఇంగ్లండులో స్పెక్ట్రమ్‌ని 125 పౌండ్లకి అమ్మింది, 48 కిలోబైట్లది 175. చవగ్గా చేయాలని రబ్బరు కీలు పెట్టారు. పాత లెక్కల మెషిన్ నొక్కినట్టు మెత్తగా ఉంటాయి. అసలు విచిత్రం అది కాదు. అందులో బేసిక్ మాటల్ని అక్షరం అక్షరం కొట్టక్కర్లేదు. పి నొక్కితే ప్రింట్ అని పూర్తి మాట పడుతుంది. జె నొక్కితే లోడ్. ఒక్కో కీ మీదా, పైనా, కిందా కలిపి నాలుగైదు మాటలు అచ్చేసి ఉంటాయి. ఏ షిఫ్టుతో కలిపి నొక్కితే ఏ మాట వస్తుందో రంగుల్ని బట్టి తెలుస్తుంది. ఇప్పుడు ఇదే పని మీ ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్‌లో చేసి చూడండి. ఆటలు హాయిగా ఆడతారు. కానీ పది లైన్ల ప్రోగ్రాం రాయాలంటే పక్కన కీబోర్డు బొమ్మ ప్రింటు తీసి పెట్టుకుని, వేలు పెట్టి వెతుక్కోవాలి. అరగంటకి విసుగొచ్చి లేస్తారు. నేను లేచాను.

అందుకే స్పెక్ట్రమ్‌లో ప్రోగ్రాములు రాయాలన్న కోరిక నిజంగా ఉంటే డబ్బు పెట్టి కొనడానికి కారణం ఉంది. బ్రిటన్‌లో 90 పౌండ్లకి వచ్చింది, అంటే పదివేల పైచిలుకు. 48 ఆటలు లోపలున్నాయి, మిగతావి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. జాయ్‌స్టిక్ విడిగా కొనుక్కోవాలి, చార్జర్ మీ ఫోన్‌ది వాడుకోవాలి. పాత టేప్ రికార్డర్ తగిలించడానికి సాకెట్ లేదు. ఉండి మాత్రం ఏం చేస్తాం? అప్పట్లో ఒక్క ఆట లోడ్ కావడానికి ఐదు నిమిషాలు పట్టేది, ఆ కీచుమనే మోత వింటూ. మన దేశంలో కూడా పుణెలోని డెసిబెల్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని స్పెక్ట్రమ్ ప్లస్‌ని చేసి అమ్మింది. అలాంటిది మీ చిన్నప్పుడు ఎవరింట్లోనో చూసి ఉంటే, ఈ పదివేలు మీకు చేదనిపించవు.

ది సీ64 కూడా మంచిదే. కీబోర్డుతో పాటు జాయ్‌స్టిక్ వస్తుంది. కమడోర్ బేసిక్‌లో మాటల్ని అక్షరాలు కొట్టే రాయాలి కాబట్టి, ల్యాప్‌టాప్‌లో వైస్ అనే ఉచిత ఎమ్యులేటర్‌తోనూ పెద్ద ఇబ్బంది ఉండదు. అందువల్ల స్పెక్ట్రమ్ విషయంలో ఉన్నంత బలమైన కారణం దీన్ని కొనడానికి నాకు కనబడలేదు.

ఎఫ్‌పీజీఏ జాతికొస్తే ఖర్చు పెరుగుతుంది, ముచ్చటా పెరుగుతుంది. 2017లో చందాలతో మొదలైన స్పెక్ట్రమ్ నెక్స్ట్ 2020లో చేతికందింది. మొదటి స్పెక్ట్రమ్‌కి రూపం ఇచ్చిన రిక్ డికిన్సనే దీనికీ రూపం ఇచ్చాడు, చేతికందేదాకా ఆయన బతికిలేడు. అసలు మెషిన్ 3.5 మెగాహెర్ట్జ్‌లో నడిస్తే ఇది 28 దాకా నడుస్తుంది. ఇంకా పైమెట్టులో మెగా65 ఉంది. కమడోర్ వాళ్ళు తయారుచేసి అమ్మకుండా వదిలేసిన 65 అనే మోడల్‌ని అభిమానులు పూర్తి చేసి, ఫ్లాపీ డ్రైవ్‌తో సహా తెచ్చారు. అందంగా ఉంటుంది. ధర చూసి పేజీ మూసేశాను.

మా బావమరిది మోజుపడ్డ కమడోర్ 64 అల్టిమేట్ 2025లో ప్రకటించినది. కమడోర్ పేరుని కొత్త యజమానులు కొని తెచ్చారు. నిజం చెప్పాలంటే నేను చూసినవాటిలో పాత మెషిన్‌కి ఇంత దగ్గరగా వచ్చినవి తక్కువ. పాత కార్ట్రిడ్జ్ (మెషిన్‌కి గుచ్చే ఆట డబ్బా), టేప్, డిస్క్ డ్రైవ్ అన్నీ నేరుగా తగులుతాయి, టీవీకి హెచ్‌డీఎంఐ ఉంది. మా వాడు మురిసిపోయిన ఆ సౌండు కమడోర్‌లోని సిడ్ అనే చిప్‌ది. దాన్ని అచ్చం దించడం కష్టం. అందుకని అల్టిమేట్‌లో అసలు సిడ్ చిప్పులు మీ దగ్గరుంటే గుచ్చుకోవడానికి సాకెట్లే ఇచ్చారు. అయితే ఆ కార్ట్రిడ్జ్‌లు, ఆ చిప్పులు మన శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఎవరి దగ్గరున్నాయి? మనం కొంటే వాటిలో సగం సాకెట్లకి జీవితాంతం మూతలు తీయం. ఆ సాకెట్ల ఖర్చు కూడా ధరలోనే ఉంది.

ఈ జాతిలో నేను ఎవరికైనా చెప్పేది మిస్టర్ అనే ప్రాజెక్ట్. ఒకే ఎఫ్‌పీజీఏ బోర్డు, మీరు ఎంచుకున్న కోర్‌ని (ఒక్కో పాత మెషిన్ సర్క్యూట్ నమూనా ఫైలుని) బట్టి ఈరోజు స్పెక్ట్రమ్, రేపు అమిగా, ఎల్లుండి బీబీసీ మైక్రో, ఆ పై వారం నింటెండో అవుతుంది. అందులోని సాఫ్ట్‌వేర్ అంతా ఉచితం. మొదట్లో టెరాసిక్ కంపెనీ డీఈ10 నానో అనే బోర్డు తప్ప దిక్కులేదు, ఇప్పుడు చవకైన నకళ్ళూ వచ్చాయి. కాకపోతే ఇది పెట్టె విప్పి ఆడుకునే వస్తువు కాదు. ఎస్‌డీ కార్డు సిద్ధం చేసుకోవాలి, కీబోర్డు సర్దుకోవాలి, రెండు మూడు రాత్రులు కూర్చోవాలి. ఆ కూర్చోవడమే ఇష్టమైనవాళ్ళకి ఇంతకి మించింది లేదు.

అసలు పాత మెషిన్నే వెతికి కొంటే అని అడిగేవాళ్ళుంటారు. వద్దు. కమడోర్ 64తో వచ్చిన పాత పవర్ అడాప్టర్ ముసలితనంలో ఓల్టేజీ పెంచేసి లోపలి చిప్పుల్ని కాల్చేస్తుంది, దీనికి అది పెట్టింది పేరు. స్పెక్ట్రమ్ కీబోర్డు కింద ఉండే ప్లాస్టిక్ పొర పెళుసెక్కి విరుగుతుంది. ఏసీ గదుల్లో ఉన్నవాటికే ఈ గతి. కళింగపట్నం గాలికి మా తాతగారి ఇనప్పెట్టే తుప్పు పట్టింది, ఇక ఇవెంత? బాగుచేసేవాడి కోసం విశాఖ తిరిగినా, పాత టీవీలు బాగుచేసిన తరంలో ఎవరో ఒకరు దొరికితే మీ అదృష్టం.

ఇంక కొనేవాళ్ళు తప్పకుండా లెక్క వేసుకోవాల్సింది దారి ఖర్చు. నా మినీ పార్సెల్ కస్టమ్స్‌లో ఐదు వారాలు కూర్చుంది. ఆధార్, ఇన్‌వాయిస్, మళ్ళీ ఇన్‌వాయిస్. సుంకం, జీఎస్టీ, కొరియర్ వాళ్ళ సర్వీసు ఛార్జీ కలిపి చివరికి వస్తువు ధరలో సగం దాకా పైన పడింది. అమ్మినతను మాత్రం "మీ దేశం నియమాలకి మాకు సంబంధం లేదు" అని ఒక్క లైన్ రాసి ఊరుకున్నాడు. వైఫై ఉన్న వస్తువైతే మన దేశంలో వైర్‌లెస్ అనుమతి గురించి కూడా అడగొచ్చు, అల్టిమేట్‌లో వైఫై ఉంది. వారంటీ అనేది కాగితం మీదే. పాడైతే తిరిగి పంపే ఖర్చుతో ఇంకోటి వస్తుంది. విదేశాల నుంచి వచ్చే చుట్టాలుంటే వాళ్ళ సూట్‌కేసులో తెప్పించుకోవడమే మేలు. మా వీధిలో అందరింటా అమెరికాలో ఒకరున్నారు కదా, ఊరగాయ సీసాలు పంపిన ఋణం ఇలా తీర్చుకోవచ్చు.

టీవీ దగ్గర ఒక చిన్న జాగ్రత్త. గేమ్ మోడ్ పెట్టండి, ఆలస్యం తగ్గుతుంది. ఇంగ్లండు ఆటలు సెకనుకి 50 బొమ్మల లెక్కన చేసినవి. మన టీవీలకి 50 హెర్ట్జ్ అలవాటే. కంప్యూటర్ మానిటర్లు కొన్ని 60కే మొగ్గుతాయి, అప్పుడు బొమ్మ పాకేటప్పుడు కుదుపులొస్తాయి. మెషిన్ పాడైందనుకుని టెన్షన్ పడకండి.

ఇక పిల్లలకి నేర్పిద్దామని ఈ పాత కంప్యూటర్లు కొనేవాళ్ళు ఒకరిద్దరు నన్నడిగారు. రాజాంలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు తన తమ్ముడి కోసం అడిగాడు. వాళ్ళకి నేను చెప్పింది రాస్ప్‌బెర్రీ పై 400. కీబోర్డులోనే కంప్యూటర్ మొత్తం ఉంటుంది, చూడ్డానికి అచ్చం 1980ల వస్తువే. 2020లో 70 డాలర్లకి వచ్చింది. తర్వాత వచ్చిన 500 మోడల్ ఇంకా వేగం, 90 డాలర్లకి మొదలైంది. రెండూ మన దేశంలోనే బిల్లుతో, వారంటీతో దొరుకుతాయి, కస్టమ్స్ గొడవ లేదు. పైథాన్, స్క్రాచ్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకోవచ్చు, ఇంటర్నెట్ చూడొచ్చు. సాయంత్రం వైస్ వేసుకుంటే కమడోర్, ఫ్యూజ్ వేసుకుంటే స్పెక్ట్రమ్. ఒకటే లోపం, మన కరెంటు. ఎస్‌డీ కార్డు మీద రాస్తున్నప్పుడు టప్పున పోతే కార్డులోని ఫైళ్ళు పాడవుతాయి. ఇన్వర్టర్ ఉన్న గదిలోనే పెట్టండి, కార్డుకి ఒక నకలు తీసి బీరువాలో దాచండి.

దీని మీద నాకు ఇంకో అభిమానం కూడా ఉంది. రాస్ప్‌బెర్రీ పై గుండెకాయ ఆర్మ్ చిప్. ఆ ఆర్మ్‌ని మొదట తయారుచేసింది ఏకార్న్ వాళ్ళే, బీబీసీ మైక్రో చేసిన ఆ కంపెనీయే. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇద్దరు దాని రూపకర్తలు, 1985లో మొదటి చిప్ పనిచేసింది. దాన్ని పరీక్షించింది కూడా బీబీసీ మైక్రోకి తగిలించే. అంటే నేను చేతులు కడుక్కుని ముట్టుకున్న మెషిన్‌కి ఇది మనవడు. బీబీసీ బేసిక్ ఇప్పటికీ దీనిమీద నడుస్తుంది, ఉచితం.

నిజానికి బీబీసీ బెంగ తీర్చుకోవడానికి నాకు ఒక్క రూపాయి కూడా అక్కర్లేకపోయింది. జేఎస్‌బీబ్ అని బ్రౌజర్‌లో నడిచే ఎమ్యులేటర్ ఉంది. అది తెరిచి, నాలుగు లైన్ల ప్రోగ్రాం కొట్టి, బ్రేక్ నొక్కి, ఓల్డ్ అని కొట్టాను. తిరిగొచ్చింది. వెనక్కి చూశాను, నొక్కి పారిపోయేవాడెవడూ లేడు.

ఉచితం అంటే అన్నిచోట్లా ఒకేలా కాదని కూడా చెప్పాలి. సింక్లెయిర్ వ్యాపారాన్ని 1986లో కొన్న ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ, ఎమ్యులేటర్లతో స్పెక్ట్రమ్ రోమ్‌ని, అంటే మెషిన్ లోపల శాశ్వతంగా ఉండే సాఫ్ట్‌వేర్‌ని, పంచుకోవచ్చని అనుమతిచ్చింది. అమిగాకి ఆ సౌలభ్యం లేదు, దాని కిక్‌స్టార్ట్ రోమ్‌కి లైసెన్సు కొనాలి. మినీ పెట్టెల్లో ఆటలు లైసెన్సు తీసుకుని పెట్టినవి కాబట్టి ఆ బెడద ఉండదు.

బావమరిదితో చివరికి కుదిరిన ఒప్పందం ఇది. నెలరోజులు ల్యాప్‌టాప్‌లో వైస్ వేసుకుని, మంచి హెడ్‌ఫోన్స్‌తో ఆ సౌండు వినాలి. నెల తర్వాత కూడా వారానికి రెండుసార్లు తనంతట తాను తెరుస్తుంటే అల్టిమేట్ కొనొచ్చు, అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు వచ్చేటప్పుడు తెస్తాడు. లేకపోతే 27 వేలు అలాగే ఉంటాయి. మొదటి వారం నాలుగుసార్లు తెరిచాడు. రెండో వారం ఒకసారి. మొన్న ఫోన్ చేసి, "బావా, ఆ పండగలో కొన్న కీబోర్డు గేము ఎమ్యులేటర్ ఏటైనా ఉంటాదా?" అని అడిగాడు.